మా తోట తూర్పు మూల

మా తాతకి తాత అయినాయనకి విగ్రహం పెట్టిస్తున్నారని తెలిసిన రోజు నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. కోపం తర్వాత వచ్చింది. వచ్చినది ఇప్పటికీ పోలేదు.

ఫోన్ చేసింది మా పెదనాన్న పెద్దకొడుకు. మా ఇంటికి ఇప్పుడు పెద్ద ఆయనే. ఊళ్ళో నలుగురూ మాట వినే మనిషి. ఎన్నికలొస్తే రెండు పార్టీల వాళ్ళూ ముందుగా ఆయన అరుగు మీదే కూర్చుంటారు.

"అమ్మీ, మన మూలపురుషుడికి విగ్రహం సేయిత్తన్నాను. తోట తూర్పు మూల పెడదాం, రోడ్డు మీద పోయినోళ్ళందరికీ కనపడతాది. కింద రాయి మీద సెరిత్ర రాయించాల. నువ్వు తెలుగు టీచరువి గదా, రెండు పేరాలు రాసియ్యి. ఉగాదికి ఆవిష్కరణ," అన్నాడు.

"ఆయన ఎలా ఉండేవాడో ఎవరికి తెలుసన్నయ్యా? ఫొటో కూడా లేదు కదా," అన్నాను.

"శిల్పి కూడా అదే అడిగినాడు. నా ఫొటో ఇచ్చినాను. కళ్ళజోడు తీసీసి, మీసాలూ తలపాగా ఎట్టమన్నాను. వంశం పోలిక ఎక్కడికి పోతాది?"

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే మాట మా వైపు పిల్లలకి కూడా తెలుసు. తాత మూతికి తన మూతినే అతికించిన వాణ్ణి చూడడం మాత్రం నాకు అదే మొదటిసారి. అయినా రాసిస్తానన్నాను. రిటైరయి ఏడాదయింది, పలాసలో ఇంట్లో కూర్చుని గోడలు చూసి చూసి విసుగొచ్చింది. పైగా మా వంశం సంగతి తవ్వి తీయాలన్న కోరిక నాకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే.

మా ఊరు ఉద్దానంలో, సముద్రానికి దగ్గర. అంతా ఇసుక. కొబ్బరి, జీడి మామిడి, పనస, ఇవి నిలబడితే మేమూ నిలబడ్డట్టు, ఇవి పడిపోతే మేమూ పడ్డట్టు. మా ఇంటి తోటలో తూర్పు మూలకి ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఎవరు పోయినా అక్కడే దహనం చేస్తారు, బూడిద మీద ఒక కొబ్బరి మొక్క నాటుతారు. మా తాత చెట్టు, మా నాన్న చెట్టు, మా అమ్మ చెట్టు, ఇలా ఆ మూలంతా మా వాళ్ళే. ఆ చెట్ల కాయలు అమ్మం. దేవుడికి కొట్టడానికీ, పురుడు పోసుకున్న వాళ్ళకి నీళ్ళు తాగించడానికీ మాత్రం దింపుతాం. కోడళ్ళకి అక్కడ చెట్టుంటుంది. ఇచ్చేసిన ఆడపిల్లలకి ఉండదు. వాళ్ళ బూడిద అత్తవారిది.

ఈ విగ్రహం కబురు నేను ముందు చెప్పింది మా మేనత్తకి. మా నాన్న ఆఖరి చెల్లెలు, ఎనభై ఏళ్ళ మనిషి. ఆవిణ్ణి టెక్కలి దగ్గర ఊరికి ఇచ్చారు. పెళ్ళయిన రెండో వర్షాకాలానికే ఆ మావయ్య పోయాడు. పిల్లల్లేరు. పదోరోజు అయ్యాక అత్తవారు ఆవిణ్ణి బండెక్కించి మా ఇంటి దగ్గర దించేసి వెళ్ళారు, మళ్ళీ ఆ వైపు నుంచి పలకరించిన వాళ్ళు లేరు. అప్పటి నుంచి ఆవిడ మా తోటలోనే ఉంది. తోటలో ఉందంటే కాలక్షేపానికి కాదు. మొక్కకి నీళ్ళు పోసేదీ, జీడిపిక్క ఏరేదీ ఆవిడే, ఆ పిక్క జీడి అంటి వేళ్ళు కాలి తోలు ఊడొచ్చేదీ ఆవిడకే. మూడేళ్ళుగా కిడ్నీలు పని చేయడం లేదు. మా వైపు ఈ జబ్బు లేని వీధి లేదు గనుక దాన్ని విని ఎవరూ ఉలిక్కిపడరు. పలాసలో డయాలసిస్‌కి వారానికి రెండుసార్లు నేనే తీసుకెళ్తాను, ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది.

విగ్రహానికి పైన గొడుగులాగ సిమెంటు కప్పు కూడా వేస్తారట అని చెప్పాను. అత్త పకపకా నవ్వింది.

"రావివలసలో ఎండల మల్లన్నకే కప్పు నేదు. దేముడు ఎండలో కూకున్నాడు. ఈయనగారికి గొడుగేటే?"

కాసేపటికి నవ్వు ఆపింది. "తూర్పు మూల అన్నాడా?" అని అడిగింది.

"అవును."

"ఆ మూల ఇంక ఒక్క మొక్కకే సోటుంది. మీ అమ్మ సెట్టు పక్కన. అది నాకు కావాల అనుకున్నాను." ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. "నువ్వు మీ అన్నయ్యకి సెప్పమ్మీ. నాను ఎవులినీ ఏదీ అడగనేదు ఇన్నాళ్ళూ."

అది నిజం. ఆవిడ ఏదీ అడగలేదు. మా పిన్నులు తమ పాత చీరలు ఇస్తే కట్టుకుంది, పెడితే తింది. ఎనభై ఏళ్ళకి మొదటిసారి నోరు తెరిచి అడిగింది చచ్చాక కాస్త చోటు.

ఆ సాయంత్రమే అన్నయ్యకి ఫోన్ చేశాను. చిన్న విషయం, సరే అంటాడనుకున్నాను.

"అదెలాగమ్మీ?" అన్నాడు, నేను తెలివితక్కువ ప్రశ్న వేసిన పిల్లనైనట్టు. "ఇచ్చీసిన ఆడపిల్ల. ఆవిడకి అన్నీ అత్తోరింటి తరపున జరగాల. మన మూలపురుషుడు సెమటోడ్సి ఏసిన తోట. ఆయన వంశం మాత్రమే ఉండాల ఆ మూల. రేపు అందరి కూతుళ్ళూ వొచ్చి అడిగితే?"

"అందరి కూతుళ్ళూ అరవయ్యేళ్ళు ఆ తోటకి నీళ్ళు పోశారా?"

"పోసినాది. మరి అన్నం ఎట్టలేదేటి మనం?"

ఫోన్ పెట్టేశాను. అన్నం పెట్టారట! ఆవిడ వండితే వీళ్ళు తిన్నారు, ఆ మిగిలింది ఆవిడ తింది. దాన్ని అన్నం పెట్టడం అంటారు మా ఇంట్లో.

మూలపురుషుడి చెమట మీదే మొత్తం ఆధారపడి ఉంది గనుక, ఆ చెమట సంగతేదో చూద్దామని మొదలుపెట్టాను. అంతవరకూ సరదా పని. ఆ రోజు నుంచి పంతం.

టెక్కలిలో పాత భూమి రికార్డులున్న గదికి మూడు వారాలు తిరిగాను. ఆ గదిలో ఉన్నాయన మంచివాడు, పుస్తకాలు తెచ్చి పెట్టి తుమ్ములు తుమ్మి వెళ్ళిపోయేవాడు. నేను కొంగు ముక్కుకి కట్టుకుని ఒక్కో పేజీ తిప్పేదాన్ని. కాయితం ముట్టుకుంటే అప్పడంలా విరిగేది. చివరికి మా తోట దొరికింది. హద్దులు చూసి గుర్తుపట్టాను, సముద్రం వైపు ఇసుక దిబ్బ, పడమర దొరువు. దొరువంటే ఇసుకలో తవ్విన నీళ్ళ గుంట, మాది ఇప్పటికీ ఉంది. ఆ తోట మా తాతకి తండ్రి పేరు మీద ఉంది. ఆయన పేరు పక్కన తండ్రి ఫలానా అని మూలపురుషుడి పేరు. అంతే. ఆ తండ్రి ఏం చేశాడో, ఎప్పుడు పోయాడో ఒక్క ముక్క లేదు. ఆడవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. పేజీలకి పేజీలు తండ్రులూ కొడుకులూ, తండ్రులూ కొడుకులూ. వీళ్ళంతా ఒకళ్ళకొకళ్ళు ఎలా పుట్టారో ఆ పుస్తకం చూస్తే అర్థం కాదు.

ఇంటికొచ్చి అత్తని అడిగాను, ఆయన గురించి నీకేమైనా తెలుసా అని.

"మా మామ్మ సెప్పేది," అంది. అత్తకి మామ్మ అంటే ఆ మూలపురుషుడి కోడలు. ఆవిడ పోయేనాటికి అత్తకి పదేళ్ళు. "తోట ఆడమనిషి సేతి మీద లేసినాది అనేది. మా అత్త కుండలు మోసి మోసి నడుం వొంగిపోనాది అనేది. అంతకన్నా నాకు తెల్దు."

అత్త మాట నేను రాసుకోలేదు. అది ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. ముసలావిడ ఏదో అంటోంది, కోడలు అత్తగారిని పొగుడుకుంది, ఇది ఆధారం ఎలా అవుతుంది అనుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి 'ఆధారం చూపండి' అని చెప్పిన నోరు కదా. కాయితం మీద ఉంటేనే నాకు నిజం.

ఆ కాయితం అన్నయ్యే చేతిలో పెట్టాడు. ఆయన తెలియక చేసిన ఒకే ఒక్క మంచి పని అది.

మా ఇంటి దేవుడి గదిలో పేరంటాలమ్మ ఉంటుంది. పేరంటాలంటే మా వైపు చాలా ఇళ్ళలో ఉన్నదే, ఆ ఇంట పసుపు కుంకాలతో పోయిన ఏదో తరం నాటి ఆడమనిషి. విగ్రహం ఉండదు. ఒక చీర, గాజులు, ఒక చెంబు. ఏటా కొత్త అమావాస్యకి, అంటే ఉగాది ముందు రోజు, చీర మార్చి నైవేద్యం పెడతారు. మా పేరంటాలమ్మ దగ్గర ఇవి కాక ఒక తాటాకు కూడా ఉంది. పసుపు గుడ్డలో చుట్టి వెదురు గొట్టంలో పెట్టి ఉంటుంది. ఆ రోజు దాన్ని తీసి, తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, నడిమధ్యన కుంకుమ బొట్టు పెట్టి, అందరం కళ్ళకద్దుకుని మళ్ళీ చుట్టేస్తాం. దాని మీద ఏవో గుండ్రటి అక్షరాలు గీసి ఉంటాయి. అది మంత్రమని, ఆవిడకి అమ్మవారు కలలో చెప్పిందని అంటారు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఆ గొట్టాన్ని నా తల చుట్టూ మూడుసార్లు తిప్పేవారు.

"అది ఒడియా రాతలాగుంది. ఇచ్ఛాపురం వైపు ఎవులిచేతైనా సదివించి తే," అన్నాడు అన్నయ్య. "మంత్రం ఏటో రాయి మీద ఏయిద్దాం. మూలపురుషుడు మంత్రసిద్ధి పొందినాడని రాయి."

ఆవిడ మంత్రం కూడా ఆయనకే ఇచ్చేశాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే.

ఇచ్ఛాపురం దగ్గర ఊళ్ళో ఒడియా బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన ఉన్నాడని తెలిసి, గొట్టం సంచిలో పెట్టుకుని పలాసలో ప్యాసింజరు ఎక్కాను. ఆయన ఇంట్లో తెలుగూ ఒడియా రెండూ ఒకే వాక్యంలో నడుస్తాయి. ఆకుని నూనె దూదితో మెల్లగా తుడిచి, వాకిట్లో ఎండకి వాలుగా పట్టుకుని చూశాడు. పెదవులు కదిపి మొత్తం ఒకసారి చదువుకున్నాడు. తర్వాత నన్ను చూసి నవ్వు ఆపుకున్నాడు.

"దీనికి పూజ సేత్తన్నారా అమ్మా?"

"ఏటా."

"ఇది మంత్రం గాదమ్మా. పట్టా. జమీందారు కచేరీ వాళ్ళు రాసిచ్చినది."

తెలుగులో చెప్పమన్నాను. ఆయన ఒక్కో వరసా చదివి చెప్తుంటే రాసుకున్నాను. సముద్రం వైపు ఇసుక దిబ్బ మొదలు పడమర దొరువు దాకా ఉన్న బంజరు. రంగం పోయి తిరిగి రాని ఫలానా వాడి భార్య, ఆ ఇసుకలో కొబ్బరి మొక్కలు వేసి, తానే నీళ్ళు మోసి బతికించింది గనుక, ఆ కష్టం చూసి ఈ నేల ఆమెకీ ఆమె సంతానానికీ.

రంగం అంటే రంగూన్. ఆ రోజుల్లో మా తీరం నుంచి ఓడెక్కి ఊళ్ళకి ఊళ్ళు వెళ్ళాయి. మా మూలపురుషుడూ వెళ్ళాడు. వెళ్ళినవాడు రాలేదు. ఈ తోటలో ఆయన ఒక్క మొక్క వేయలేదు. ఆయన వదిలేసి వెళ్తే, మేం పేరంటాలమ్మ అని మొక్కే ఆవిడ వేసింది.

"ఆవిడ పేరు?" అన్నాను.

ఆయన ఆకు నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు. ఫలానా వాడి భార్య అన్న మాట తర్వాత ఆకులో చిల్లు ఉంది. సరిగ్గా బొట్టు పెట్టే చోట. నూరేళ్ళకి పైగా ఏటా తడిగుడ్డతో తుడిచి, తడి కుంకుమ అద్ది, మళ్ళీ తుడిచి, మళ్ళీ అద్ది, అక్కడ ఆకు మెత్తబడి చివికి ఊడిపోయింది. మొగుడి పేరు నిక్షేపంలా ఉంది. ఆవిడ పేరుని మేం భక్తితో తుడిచేశాం. నేను కూడా తుడిచాను. నా పెళ్ళికి ముందు ఐదారేళ్ళు ఆ బొట్టు పెట్టింది నేనే.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఎంత కోపంగా ఉన్నానంటే, ఎదురుగా కూర్చున్నావిడ "ఒంట్లో బాగోలేదా అమ్మా" అని అడిగింది. ఎవరి మీద కోపమో తెలిస్తే తగ్గేది. మొగుడు బతికున్నాడో చచ్చాడో తెలియక ఉంచుకున్న బొట్టు ఆవిడది. ఆ బొట్టుతోనే పోయింది గనుక పుణ్యస్త్రీ అని, పేరంటాలు అని గోడ వారగా కూర్చోబెట్టి చీర పెట్టారు. ఆవిడ మోసిన నీళ్ళు మాత్రం మొగుడి చెమట అయిపోయాయి. ఆవిడకి చీర, ఆయనకి తోట. ఇప్పుడు విగ్రహం కూడాను. దేవతని చేయడం అన్నిటికన్నా సులువైన పని, ఏడాదికి ఒక్క పూట తీరిక ఉంటే చాలు.

మర్నాడు ఊరెళ్ళి అన్నయ్య వాకిట్లో నిలబడి అంతా చదివి వినిపించాను. వదినా, ఇద్దరు కోడళ్ళూ తలుపు పక్క నుంచి వింటున్నారు. విగ్రహం అప్పటికే వచ్చేసింది, అరుగు మీద గోనె కప్పి ఉంది. గోనె కింద నుంచి చెప్పులేసుకున్న కాళ్ళు కనపడుతున్నాయి.

అన్నయ్య మొత్తం విని, "రంగం పోతే పోనాడు. తిరిగొచ్చినాడేమో నీకేటి తెలుసు?" అన్నాడు.

"తిరిగి రాని అని రాసుంది."

"అప్పటికి రానేదు. తరవాత వొచ్చుంటాడు. వొచ్చి తోట పెంచుంటాడు."

"ఎవరు చెప్పారు?"

"ఎవులో సెప్పాలేటి? మగోడు నేకుండా ఇంత తోట అవుతాదా?" ఈ మాట అని ఆయన కోడళ్ళ వైపు చూశాడు. వాళ్ళు నవ్వలేదు. గొంతు తగ్గించి అన్నాడు, "సరే, పోనీ. ఆవిడ పేరు సెప్పు, ఆయన పేరు కింద రాయిత్తాను. పేరు నేదు గదా? పేరు నేని మనిషికి సెరిత్రేటమ్మీ?"

నేను ఊళ్ళో గొంతెత్తి మాట్లాడే ఆడదాన్ని కాదు. బళ్ళో అరిచానేమో గాని ఇంట్లో అరవలేదు. ఆ రోజు అరిచాను. పేరు లేకుండా చేసింది మనం, లేదని వంక పెట్టేదీ మనమేనా అన్నాను. ఆవిడకీ ఆవిడ సంతానానికీ అని రాసుంది, కొడుకులకి అని రాయలేదు, అత్త ఆ సంతానం కాదా అన్నాను. ఆ మూల ఉన్న ఒక్క చోటూ అత్తకిచ్చి, నీ బొమ్మని ఎక్కడైనా నిలబెట్టుకో అన్నాను. నీ బొమ్మ అనడం ఆయనకి బాగా తగిలింది.

"అయ్యేది గాదు," అన్నాడు. "ముందు ఆ ఆకు లోపలెట్టు. ఎల్లుండి కొత్త అమావాస్య."

అప్పుడు తట్టింది నాకు. గొట్టం నా సంచిలోనే ఉంది.

"పెట్టను," అన్నాను.

"ఏటీ?"

"అత్తకి చోటిస్తానని చెప్పేదాకా ఆకు ఇవ్వను. పేరంటాలమ్మ ఈ ఏడాది నా దగ్గరే ఉంటుంది."

వదిన 'ఓలమ్మో' అని నోటి మీద చెయ్యి వేసుకుంది. నేను వెనక్కి చూడకుండా ఆటో ఎక్కి పలాస వచ్చేశాను. అబద్ధం ఎందుకు, సంతోషంగా ఉంది. అది పట్టా అని తెలిశాక కూడా ఆయన దానికి భయపడతాడని నాకు తెలుసు. మా వాళ్ళకి ఆకు మీద ఏం రాసుందన్నది కాదు ముఖ్యం, అది దేవుడి గదిలో లేకపోతే ఏం జరుగుతుందన్నది ముఖ్యం. తోటలన్నీ కూల్చేసిన తుపాను వచ్చిన ఏడాది కొత్త అమావాస్యకి నైవేద్యం ఆలస్యమైందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ రెండు రోజులూ ఫోన్లు. మా పిన్నులు, బావలు, ఎవరో వియ్యంకులు. నీకు పిచ్చా అన్నారు. ఇంటి దేవతని ఎత్తుకుపోతావా అన్నారు. ఒక బావ అయితే అచ్చం పంచాయితీ పెట్టినట్టు, "ఆకిచ్చీయ్ మరదలా, మాట్లాడుకుందాం," అన్నాడు. మాట్లాడుకోవడం అయ్యాకే ఇస్తానన్నాను. అత్తకి ఇదేదీ చెప్పలేదు. పని అయ్యాక చెప్తే సంతోషిస్తుంది కదా అనుకున్నాను.

అమావాస్య పొద్దున వదిన వేరే ఫోన్ నుంచి చేసింది. గొంతులో భయమూ ఉంది, ఇంకేదో కూడా ఉంది. "మీ అన్నయ్య రాత్రి నుంచి అన్నం ముట్టనేదు. వొచ్చీయమ్మీ. ఒప్పుకుంటాడు. సోటు ఇయ్యనంటే మేం ముగ్గురం పొయ్యి ఎలిగించం అని సెప్పీసినాం." చిన్న కోడలు వెనక నుంచి ఏదో అంది. వదిన నవ్వు ఆపుకుంది.

వెళ్ళాను. దేవుడి గదిలో చీర మార్చి ఉంది, గాజులు కడిగి ఉన్నాయి, గొట్టం పెట్టే చోటు మాత్రం ఖాళీ. అన్నయ్య తడిబట్టలతో నిలబడి ఉన్నాడు. నా మొహం చూడకుండా, నేను సంచిలోంచి తీసిన ఆకు మీద చెయ్యి వేసి, తూర్పు మూల మా అమ్మ చెట్టు పక్క చోటు మేనత్తదేనని, విగ్రహం గేటు దగ్గరకి జరుపుతానని, మా అందరి ముందూ చెప్పాడు. రాయి మీద ఏం రాయాలో కూడా తేలింది. ఫలానా వారి భార్య తన చేతులతో వేసిన తోట. పేరు చోట ఏం పెట్టాలని అన్నయ్య అడిగాడు. ఖాళీ వదిలేయమన్నాను. చూసినవాళ్ళు ఎందుకు ఖాళీ అని అడగాలి, మనం ప్రతిసారీ తల దించుకుని చెప్పాలి. ఆ పూట ఆకు తుడవనివ్వలేదు, బొట్టు పెట్టనివ్వలేదు. పసుపు గుడ్డలో చుట్టి పెట్టేశాం.

ఆ రోజు అత్తకి డయాలసిస్. పొద్దున్నే మా పక్కింటావిడని తోడిచ్చి పంపాను. ఊరి నుంచి తిన్నగా ఆసుపత్రికే వెళ్ళాను. మెట్లు గబగబా ఎక్కి ఆయాసపడుతూ ఆవిడ మంచం పక్కన నిలబడ్డాను. గొట్టాల్లో రక్తం తిరుగుతోంది. కళ్ళు మూసుకుని ఉంది.

"అత్తా, అన్నయ్య ఒప్పుకున్నాడు. తూర్పు మూల చోటు నీదే. అందరి ముందూ మాటిచ్చాడు."

కళ్ళు తెరిచింది. నేను ఎదురుచూసిన సంతోషం ఆ కళ్ళలో రాలేదు. "ఏటని ఒప్పించినావు?" అంది.

అంతా చెప్పాను. ఇచ్ఛాపురం, పట్టా, రంగం పోయినవాడు, కుండలు మోసినావిడ. ఆకు దాచేసిన సంగతి చెప్పేటప్పుడు కాస్త గొప్పగానే చెప్పాను. తోట ఒక ఆడమనిషి వేసిందని రాతపూర్వకంగా చూపిస్తే ఇంకెవరూ నోరెత్తలేకపోయారని చెప్పాను. నేను ఆపాక అత్త అడిగింది.

"అంటే ఆ ఆకు దొరక్కపోతే నాకు సోటు నేదన్నమాట."

అలా కాదత్తా అన్నాను.

"తుపానుకి తోట మొత్తం పడిపోతే, కరెంటు నేదు, మోటార్లు నేవు. మీ అన్నయ్య అరుగు మీద కూకుని ఏడిసినాడు. నాను డెబ్బయ్యేళ్ళు దాటిన ముసిల్దాన్ని, దొరువులో దిగి బిందెలు మోసి కొత్త మొక్కల్ని బతికించినాను. నువ్వు సెలవులకొచ్చి సూసినావు గదా? సూసినావా నేదా?"

"చూశాను."

"మరి అది సెప్పినావా? 'మా అత్త నీళ్ళు మోసినాది, నా కళ్ళతో సూసినాను, అందుకియ్యండి' అని?" గొంతు పెంచలేదు, పెంచే ఓపిక లేదు. కానీ అంత కోపంగా ఆవిడ మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. "సచ్చిపోయినదాన్ని ఎతికి తెచ్చి సూపించినావు. బతికున్నదాన్ని సూపించలేకపోనావేటే?"

మొహం గోడ వైపు తిప్పుకుంది. యంత్రం ఇంకా గంటన్నర తిరగాలి. నేను ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. నాలుగు నెలలు అన్నయ్య మీదా, రికార్డుల మీదా, పోయిన తరాలందరి మీదా కోప్పడుతూ ఊళ్ళు పట్టుకు తిరిగాను. మొదట ఫోన్‌లో ఒక్కసారి అని వదిలేసిన ఆ మాటని అందరి ముందూ నిలబడి అనాలని నాకు తట్టనే లేదు.